జాన్ వెస్లీ పద్దు పుస్తకం

జాన్ వెస్లీ అనగానే గుర్రం మీద ఊరూరా తిరిగిన సువార్తికుడు, మైదానాల్లో గుమిగూడిన గని కూలీలకు వాక్యం చెప్పిన దైవజనుడు మన కళ్ల ముందు నిలుస్తాడు. మెదక్, సికింద్రాబాద్ ప్రాంత సంఘాలకైతే ఆయన దాదాపు ఇంటి పెద్ద. మెదక్ మహాదేవాలయం కట్టించిన చార్లెస్ పోస్నెట్ దొరగారు వెస్లియన్ మిషన్ నుండి వచ్చినవారే. కాని వెస్లీ బల్ల మీద బైబిలుతో పాటు ఏళ్ల తరబడి ఉన్న ఇంకొక పుస్తకం గురించి మన ప్రసంగాల్లో అరుదుగా వింటాం. అది ఆయన జమాఖర్చులు రాసుకున్న పద్దు పుస్తకం.

ఆ అలవాటు వెనుక ఒక అప్పుల ఇల్లు ఉంది. వెస్లీ 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి శామ్యూల్ అక్కడి గురువు, మంచి పండితుడు. ఆదాయం మరీ తక్కువ కాదు గాని చేతిలో డబ్బు నిలిచేది కాదు. తల్లి సుసన్న 19 మంది బిడ్డలను కన్నది. వారిలో దాదాపు సగం మంది పసితనంలోనే చనిపోయారు. సేద్యంలో నష్టాలు, ఊరిలో రాజకీయ విరోధాలు ఉండనే ఉన్నాయి. 1705లో, 30 పౌండ్లు కూడా లేని బాకీ కోసం, ఆ గురువుగారిని లింకన్ కోటలోని చెరసాలలో పెట్టారు. అప్పటికి జాన్ రెండేళ్లవాడు. ఆర్చిబిషప్పు, మరికొందరు ఆదుకుంటే కొన్ని నెలలకు తండ్రి ఇంటికి చేరాడు. అయినా ఆ ఇంట్లో అప్పు అనే మాట ఆ తరువాత చాలా ఏళ్లు వినబడుతూనే ఉంది. ప్రతి ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కే మనిషి అప్పులవాళ్లకు మొహం చాటేయవలసి రావడం ఎంత బాధో సేవకుల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

1726లో జాన్‌కు ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కాలేజీలో ఫెలోగా స్థానం దొరికింది. సొంత ఆదాయం మొదలైంది. అక్కడ ఒక ఏడాది 30 పౌండ్లు వచ్చాయి. తిండికి, బట్టకు, మిగతా అవసరాలకు ఎంత చాలునో చూసుకొని 28 పౌండ్ల దగ్గర గీత గీశాడు. మిగిలిన 2 పౌండ్లు పేదలకు ఇచ్చాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. ఖర్చు అదే 28, ఇచ్చినది 32. మూడో ఏడు 90 వస్తే 62 ఇచ్చాడు. నాలుగో ఏడు 120 వస్తే 92 ఇచ్చాడు. ముసలితనంలో ఒక ప్రసంగంలో, పేరు చెప్పకుండా, ఎవరో ఆక్స్‌ఫర్డ్ యువకుని సంగతిగా ఈ లెక్క వినిపించాడు. ఆ యువకుడు ఆయనేనని జీవితచరిత్రకారులు చెబుతారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మొదటి ఏడు ఆయన ఇచ్చింది దశమభాగం కూడా కాదు, పదిహేనో వంతు. నాలుగో ఏటికి ఆదాయంలో మూడొంతులకు పైగా ఇచ్చాడు. మధ్యలో ఆయన భక్తి పదింతలు పెరిగిందని అనుకోనక్కరలేదు. 28 అన్న అంకె కదలలేదు, అంతే. మనలో జీతం పెరిగిన నెలలోనే బండి మారుతుంది, ఫోను మారుతుంది, కొత్త వాయిదా ఒకటి మొదలవుతుంది. పాపం, కానుక కవరు మాత్రం పాతదే.

ఆయన బ్రహ్మచారి, కాలేజీ గదిలో ఉండేవాడు, పిల్లల ఫీజులా, పెళ్లిళ్లా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వెస్లీ కూడా అందరినీ 28 పౌండ్లతో బ్రతకమనలేదు. డబ్బు వాడకం గురించి ఆయన చేసిన పేరుపొందిన ప్రసంగంలో వరుస స్పష్టంగా ఉంది: మొదట నీ తిండి, బట్ట, ఆరోగ్యం. తరువాత భార్యాబిడ్డలు, నీ ఇంటి మీద ఆధారపడినవారు. మిగిలితే విశ్వాస గృహానికి చేరినవారు. ఇంకా మిగిలితే మనుష్యులందరు. బాకీలు తీర్చడం, వ్యాపారానికి కావలసిన పెట్టుబడి ఉంచుకోవడం కూడా తప్పు కాదని మరోచోట బోధించాడు. 1749లో తమ్ముడు చార్లెస్ పెళ్లికి అమ్మాయి తరపువారు ఏటా 100 పౌండ్ల ఆదాయానికి హామీ అడిగితే, తన పుస్తకాల అమ్మకం మీద ఆ హామీ ఇచ్చినది జానే. రెండేళ్లకు తాను ఒక విధవరాలిని పెళ్లాడినప్పుడు ఆమె ఆస్తిని ఆమెకు, ఆమె పిల్లలకే ఉండేలా ఏర్పాటు చేశాడు. ఆ కాపురం సుఖంగా సాగలేదు, అది వేరే విషయం.

ఈ లెక్క ఆయన గదిలోనే ఆగిపోలేదు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం కట్టిన అప్పు ఎలా తీర్చాలని సభ్యులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఫోయ్ అనే ఓడ కెప్టెన్ లేచి, అప్పు తీరేదాకా తలకొక పెన్నీ వారం వారం ఇద్దామన్నాడు. చాలామంది అంత కూడా ఇవ్వలేరని ఎవరో అంటే, అందరిలో బీదవారైన 11 మందిని తనకు అప్పగించండి, వారు ఇవ్వలేనిది తానే వేస్తానన్నాడు. అలా పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఎవరి ఇంట్లో ఆకలి ఉందో, ఎవరి ఇంట్లో తాగుడు ఉందో తెలియవచ్చింది. మెథడిస్టు సంఘాలకు వెన్నెముకైన క్లాసు కూటాలు పుట్టింది ఆ వసూళ్ల నుండే. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి ప్రక్కన పెట్టిన మన అమ్మమ్మలకు ఆ పెన్నీ సంగతి బాగా అర్థమై ఉండేది.

1746లో లండన్‌లో చేబదులు నిధి ఒకటి మొదలుపెట్టాడు. 30 పౌండ్ల 16 షిల్లింగులు పోగయ్యాయి. ఒక్కొక్కరికి 20 షిల్లింగులకు మించి ఇవ్వరు, వారం వారం కడుతూ మూడు నెలల్లో తీర్చాలి. ఏడాదిన్నరలో 255 మంది ఆ కొద్ది సొమ్ముతోనే గట్టెక్కారు. సొమ్ము చేతులు మారుతూ తిరిగి వస్తుండడమే దాని రహస్యం. నూటికి ఐదో పదో వడ్డీకి తెచ్చి పెళ్లి భోజనాలు పెట్టి, ఆ తరువాత అప్పిచ్చినవాడు ఎదురవుతాడేమోనని గుడికి రావడం మానేసిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్ని లేవు? అలాంటివారి కోసం సంఘాన్ని ఒక చిన్న నిధి పెట్టమంటే, లెక్కలు ఎవరు చూస్తారన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

ఆయన పుస్తకాలు చౌక ధరకే అమ్మినా విపరీతంగా అమ్ముడుపోయాయి. తనకు తెలియకుండానే ధనవంతుణ్ణయ్యానని ఆయనే ఒప్పుకున్నాడు. వచ్చింది వచ్చినట్టు పోయింది. 1776లో పన్నుల అధికారులు, ఇంతటివాడి దగ్గర వెండి సామాను ఉండే ఉంటుందని లెక్క అడిగారు. లండన్‌లో రెండు వెండి చెంచాలు, బ్రిస్టల్‌లో రెండు ఉన్నాయని, చుట్టూ ఇందరికి రొట్టె లేనప్పుడు ఇంక కొనబోనని జవాబు రాశాడు.

చివరి ఏళ్లలో ఆయనను కుంగదీసింది తన సొంత జనమే. తాగుడు మానారు, ఒళ్లు వంచి పనిచేశారు, దుబారా తగ్గించారు. సహజంగానే డబ్బు చేరింది. సంపాదించమన్న మాట, పొదుపు చేయమన్న మాట విన్నారు గాని, ఇవ్వమన్న మూడో మాట చాలామంది చెవిన పెట్టలేదు. ఎనభై దాటిన వయసులో ఆ సంగతే మళ్లీ మళ్లీ ప్రసంగించాడు. కూలి ఇళ్ల నుండి రెండు తరాల్లో ఉద్యోగాలకు, అపార్టుమెంట్లకు చేరిన మన సంఘాలు ఆ ప్రసంగాలు చదివితే, ఎవరో మన ఊరివాళ్లే ఆయనకు చెప్పి రాయించారనిపిస్తుంది.

1790 జూలైలో, చూపు తగ్గి చేయి వణుకుతుండగా, పద్దు పుస్తకంలో చివరి మాట రాశాడు. ఇకపై లెక్క రాయడం తన వల్ల కాదని, మిగల్చగలిగినంత మిగుల్చుతూ ఇవ్వగలిగినంత ఇస్తున్నానన్న తృప్తి చాలునని దాని భావం. 1791 మార్చి 2న ప్రభువు సన్నిధికి చేరాడు. శవపేటికకు బండి వద్దని, ఆర్భాటం వద్దని వీలునామాలో ముందే రాసి పెట్టాడు. తనను ఆరుగురు పేదవాళ్లు సమాధికి మోసుకుపోవాలని, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు కూలి ఇవ్వాలని కూడా అందులో ఉంది.