బొమ్మ ఇటుకల నుంచి రంగస్థలం దాకా: ఓటో లిలియంతాల్ జీవితం

యూరప్‌లో ఒపేరా అని పిలిచే గానప్రధాన నాటకాల ఘట్టాలను పిల్లల బొమ్మ ఇటుకలతో బల్లమీద పునఃసృష్టించడం నేడు కొందరికి ఇష్టమైన వ్యాపకం. మోజార్ట్ ‘ది మ్యాజిక్ ఫ్లూట్’లో రాకుమారుణ్ణి మహాసర్పం తరిమే దృశ్యం వారి చేతుల్లో జానెడు వేదికపై ఒదిగిపోతుంది. కట్టడంపై మక్కువ, రంగస్థలంపై ప్రేమ అందులో కలిసి ఉంటాయి. ఈ రెండూ ఒకే జీవితంలో పండించుకున్న వ్యక్తి జర్మన్ ఇంజనీరు ఓటో లిలియంతాల్. ప్రపంచం మాత్రం ఆయనను విమానయానానికి బాటవేసిన వానిగానే ఎరుగును.

లిలియంతాల్ 1848 మే 23న ఉత్తర జర్మనీలోని ఆంక్లామ్ పట్టణంలో జన్మించారు. తండ్రి వర్తకుడు. తల్లి కరోలినె గాత్ర సంగీతం అభ్యసించిన విదుషి. బాల్యంలోనే తండ్రి మరణించగా ఆమె ఒంటరిగా పిల్లలను పెంచి చదివించింది. ఓటో, తమ్ముడు గుస్టావ్ పక్షుల గమనాన్ని గమనిస్తూ పెరిగారు. రెక్కలు కట్టుకుని ఎగరాలన్న కోరిక ఆ వయసులోనే వారిలో నాటుకుంది.

బొమ్మ ఇటుకల ఆలోచన 1870 దశకం చివరలో రూపుదిద్దుకుంది. ఇసుక, సుద్దపొడి, అవిసెనూనె కలిపి అచ్చులలో అదిమి, అన్నదమ్ములు చిన్న రాతి దిమ్మెలు తయారుచేశారు. నేటి ప్లాస్టిక్ ఇటుకల వలె ఒకదానినొకటి పట్టుకునే బుడిపెలు వాటికి లేవు. బరువుతోనూ, కొలతల కచ్చితత్వంతోనూ అవి నిలబడేవి. కమానులు, స్తంభాలు, గోపురాలు వాటితో సాధ్యమయ్యాయి. కానీ వాటిని అమ్మే నేర్పు సోదరులకు లేదు. 1880లో రుడోల్‌స్టాట్ పట్టణ వ్యాపారి రిక్టర్‌కు వెయ్యి మార్కులకు ఆ విధానాన్ని విక్రయించారు. ‘యాంకర్’ అనే పేరుతో అవి ఎన్నో దేశాల ఇళ్లకు చేరి, ఆయనకు అపార లాభం తెచ్చిపెట్టాయి. తరువాత సోదరులు మళ్లీ అటువంటి ఇటుకలు తయారుచేయబోగా వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లింది. ఓడిపోయి భారీ పరిహారం చెల్లించవలసి వచ్చింది. తాము కనిపెట్టిన వస్తువును తామే తయారుచేసుకునే హక్కు వారికి లేకపోయింది.

ఆ నష్టం ఓటోను కుంగదీయలేదు. బెర్లిన్‌లో ఆవిరియంత్రాలు, బాయిలర్లు తయారుచేసే కర్మాగారం నడిపారు. 1890లో లాభాలలో నాలుగో వంతు కార్మికులకు పంచే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ కాలంలో అది అరుదైన విషయం.

అదే దృష్టి ఆయనను రంగస్థలానికి చేర్చింది. తూర్పు బెర్లిన్ కార్మికవాడల్లోని ఓస్టెండ్ నాటకశాల నిర్వహణలో 1892లో ఆయన భాగస్వామి అయ్యారు. పేదలకు సైతం నాటకం అందాలని పది ఫెన్నిగ్‌ల టికెట్టు పెట్టించారు. ‘మోడర్న్ రౌబ్‌రిట్టర్’, అనగా నవీన దోపిడీ వీరులు అనే నాటకాన్ని స్వయంగా రచించారు. వ్యాపారంలోని మోసం అందులోని ఇతివృత్తం. తన ఆవిష్కరణ పరాధీనం కావడం చూసిన మనిషి అటువంటి కథను ఎంచుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంతలో 1889లో పక్షుల గమనంపై ఆయన గ్రంథం వెలువడింది. 1891 నుంచి తాను నిర్మించిన రెక్కలతో కొండవాలుల మీద నుంచి గాలిలోకి దూకసాగారు. ఐదేళ్లలో రెండు వేల సార్లు గాలిలో తేలారని అంచనా. రెండు వందల యాభై మీటర్ల దూరం వరకు వెళ్లగలిగారు. గాలిలో ఉన్న ఆయన ఛాయాచిత్రాలు దేశదేశాలకు వెళ్లి, మనిషి ఎగరగలడన్న నమ్మకం కలిగించాయి.

1896 ఆగస్టు 9న స్టోల్న్ గ్రామ సమీపాన ఈదురుగాలికి రెక్కలు అదుపు తప్పి కూలిపోయారు. వెన్నెముక విరిగింది. మరునాడు బెర్లిన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 సంవత్సరాలు. ఆ మరణవార్త అమెరికాలోని రైట్ సోదరులను కదిలించింది. ఆయన లెక్కలను అధ్యయనం చేసి, సరిదిద్ది వారు ముందుకు సాగారు.

విమానం గగనానికెక్కిన తరువాత ఇటుకల సంగతి, నాటకశాల సంగతి మరుగున పడ్డాయి. అయినా పిల్లల చేతికి ఇటుకలు, కార్మికునికి నాటకం, మనిషికి రెక్కలు అందించాలనుకున్నది ఒకే మనసు. బల్లమీద ఇటుకలతో నాటక వేదిక కట్టే ప్రతివారూ తమకు తెలియకుండానే ఆయన నడిచిన దారిలో కొంత దూరం నడుస్తున్నారు.