ఫతే నవాజ్ జంగు పతనము

రాజకీయపు పగ పురుషునిపై, నింద స్త్రీపై! ఈ వాడుక మన దేశమునకు క్రొత్త కాదు. కోలారు మండలమందలి ఆవని కొండమీద సీతమ్మకు గుడి కలదు. లోకాపవాదమునకు వెఱచి రాజు విడిచిన ఇల్లాలు అచ్చటనే కుశలవులను కనెనని ఆ సీమవారి నమ్మకము. ఆ కథ హైదరాబాదున మఱియొక రూపమున నడచెను.

మెహదీ హసన్ లక్నో ప్రాంతీయుడు. ఐరిషు కుటుంబమునకు చెందిన ఎలెన్ డానెలీ ఆయన ఇల్లాలు. మొదటి సాలారు జంగు సంస్థాన పరిపాలనను సంస్కరింప బూని ఉత్తర హిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించిన సంగతి చదువరు లెఱుగుదురు. ఆ త్రోవనే వచ్చిన మెహదీ హసన్ ప్రధాన న్యాయాధిపతియై, పిదప హోం సెక్రటరీయై, ఫతే నవాజ్ జంగు అను బిరుదము వహించెను. 1888లో లండను నగరమేగి విక్టోరియా రాణి దర్శనము చేసికొనెను. ఎలెన్ పరదా విడిచి దొరల విందులకు వెళ్లుచుండెను. ఇంతటి అభ్యుదయము స్థానికులకును, తోడి ఉత్తరాది ఉద్యోగులకును కంటగింపయ్యెను.

1892 ఏప్రిలులో, వ్రాసినవాని పేరు లేని ఎనిమిది పుటల ఆంగ్ల కరపత్ర మొకటి బయలుదేరెను. ఎలెన్ పూర్వము వేశ్యయనియు, వారికి వివాహమే జరుగలేదనియు, పదవులకై భర్తయే ఆమెను పెద్దలకు అర్పించెననియు అందలి ఆరోపణలు. మెహదీ హసన్, మిత్రా అను నాతడే దానిని ముద్రించెనని రెసిడెన్సీ న్యాయస్థానమున అభియోగము తెచ్చెను. ఆయన పక్షమున బొంబాయి బారిష్టరు ఇన్వెరారిటీయు, ముద్దాయి పక్షమున చెన్నపురి న్యాయవాదులకు చిరపరిచితుడగు ఎర్డ్లీ నార్టనును వాదించిరి.

పరువునష్టపు వ్యాజ్యమున ఫిర్యాదియే ముద్దాయి యగుట న్యాయవాదు లెఱిగిన విపరీతము. తొమ్మిది నెలలు ఎలెన్ గతమే విచారణకు వచ్చెను. సాక్షి వెంట సాక్షి ఆమె శీలమును అంగడి కెక్కించిరి. హోం సెక్రటరీ పాలన న్యాయమో అన్యాయమో అడిగినవారు లేరు. 1893 ఏప్రిలులో మిత్రా నిర్దోషిగా విడువబడెను. మెహదీ హసన్ పదవి పోయెను. దంపతులు లక్నో చేరిరి. కొలువు మరల దొరకలేదు. 1904లో ఆయన పేదరికముననే కన్నుమూసెను; ఎలెన్ 1912 వరకు జీవించెను.

అధికారియందు దోషమున్న, ఆ దోషమునే నిరూపించి తొలగింపవలెను. అట్లుగాక అతని ఇల్లాలిని వీథికీడ్చుట ప్రజాహితము కాదు, పిఱికితనము. తన పేరు వ్రాయుటకైనను సాహసింపని కలము ఒక కుటుంబమును కూల్చినది. అయినను ఒక్క విషయమున ఆ శత్రువులు ఓడిరి. ఆవని గాథలోని రాజు రాజ్యమును నిలుపుకొని ఇల్లాలిని విడిచెను. ఈతడు పదవిని కోల్పోయెను గాని ఇల్లాలిని విడువలేదు.