శాసనసభాభ్యర్థి అబ్రహాము లింకను

అబ్రహాము లింకను పేరు వినగానే అంతర్యుద్ధము, బానిసల విమోచనము, 1865 ఏప్రిల్ నెలలో నాటకశాలయందు అతనిని బలిగొన్న తుపాకిగుండు మనకు స్మరణకు వచ్చును. అధ్యక్షపీఠ మెక్కునాటికి అతనికి 52 సంవత్సరములు. అంతకు చాల ముందే, నూనూగుమీసముల ప్రాయమునుండి, అతడు ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభకు ఐదుసార్లు వరుసగా అభ్యర్థిగా నిలిచి, ఒకసారి ఓడి, నాలుగుసార్లు గెలిచెను. అతని పక్షమునకు ఆ రాష్ట్రములో బలము తక్కువ. ఆ కథ మనలో అంతగా ప్రచారములో లేదు.

లింకను 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రములో దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టెను. తండ్రి సేద్యగాడు, వడ్రంగపు పని ఎరిగినవాడు. బాల్యము ఇండియానా అడవులలో గడచెను. బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక్క సంవత్సరము కాదు. 1831లో అతడు ఇల్లినాయ్‌లో సాంగమన్ నది యొడ్డునగల న్యూసేలమను కుగ్రామమునకు వచ్చి, ఒక అంగడిలో గుమాస్తాగా కుదిరెను. ఊరికి వచ్చి ఏడాదియైనను నిండకమున్నే, 1832 మార్చిలో, శాసనసభకు అభ్యర్థినని పత్రికాముఖమున ప్రకటించుకొనెను. అప్పటి కతని వయస్సు 23 ఏండ్లు.

ఆ రోజులలో పక్షము టిక్కెట్టిచ్చు పద్ధతి ఆ ప్రాంతములో ఇంకను కుదురుకొనలేదు. నిలువదలచినవాడు తానే చాటుకొనవలెను. సాంగమన్ కౌంటీకి, అనగా మన జిల్లా వంటిదానికి, నాలుగు స్థానములుండగా 13 మంది పోటీపడిరి. నదిని పడవలకు అనువుగా బాగుచేయుట, విద్యావ్యాప్తి, అధికవడ్డీల నరికట్టుట, ఇవి లింకను కోరిన ముఖ్యవిషయములు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సను. ఇల్లినాయ్ ప్రజలకు అతడు ఆరాధ్యదైవము. లింకను మాత్రము జాక్సను ప్రత్యర్థియైన హెన్రీ క్లేను గురువుగా నెంచెను. క్లే అనుచరులే తరువాత విగ్ పక్షమైరి. జాక్సను సీమలో క్లే పేరు చెప్పుకొని నిలుచుట ఏటి కెదురీదుటయే. విగ్ పక్షము బ్రతికియున్నన్నినాళ్లు ఇల్లినాయ్ ఏ అధ్యక్ష ఎన్నికలోను దానిని గెలిపింపలేదు.

ప్రకటన వెలువడిన కొలది వారములకే బ్లాక్ హాక్ అను రెడ్ ఇండియను నాయకునితో యుద్ధము వచ్చెను. లింకను స్వచ్ఛందసేనలో చేరగా తోడివారు అతనినే కెప్టెనుగా ఎన్నుకొనిరి. జులైలో సేన నుండి విడుదలయగునప్పటికి అతని గుఱ్ఱమును ఎవరో దొంగిలించుకొని పోయిరి. కొంత నడచి, కొంత చిన్న పడవలో ప్రయాణించి ఇల్లు చేరునప్పటికి ఎన్నిక దగ్గరపడెను. పాప్స్‌విల్ అను ఊర వేలముపాటకు గుమికూడిన జనమెదుట మొదటి ఉపన్యాస మీయబోగా క్రింద కొట్లాట చెలరేగెను. తన మిత్రుని కొట్టుచున్న వానిని లింకను మెడబట్టి లాగివేసి, మరల వేదిక యెక్కి రెండు మాటలలో ప్రసంగము ముగించెనని చెప్పుకొందురు.

ఆగస్టు 6న ఎన్నిక జరిగెను. లింకనునకు 657 ఓట్లు వచ్చి, 13 మందిలో ఎనిమిదవవాడయ్యెను. ప్రజల ఓటుచేత నేరుగా అతడోడిన ఎన్నిక జీవితములో ఇదొక్కటియే. కాని న్యూసేలము కేంద్రములో పడిన 300 ఓట్లలో 277 అతనివే. అప్పుడు గుప్తమగు ఓటు లేదు. ఓటరు వచ్చి అధికారుల యెదుట, ఊరివారు వినుచుండగా, తన అభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పవలెను, గుమాస్తా వ్రాసికొనును. అట్టి బహిరంగసభలో ఇరుగుపొరుగు వారు వరుసగా లింకను పేరు చెప్పిరి. ఆ ఊరే నవంబరులో జాక్సనునకు భారీ ఆధిక్యత నిచ్చెను. అనగా పక్షము నచ్చకున్నను మనిషి నచ్చినాడన్నమాట.

పిదప రెండేండ్లు బ్రతుకుతెరువు వెదుకుటతో గడచెను. భాగస్వామితో పెట్టిన అంగడి మునిగెను. ఆ అప్పు లింకను నెత్తిన పడి, తీరుటకు ఏండ్లు పట్టెను. 1833లో జాక్సను ప్రభుత్వమే అతనిని న్యూసేలము పోస్టుమాస్టరుగా నియమించెను. డెమొక్రాటగు జాన్ కాల్హూన్ తన క్రింద ఉపసర్వేయరు పని నీయజూపగా, దానికై తన రాజకీయాభిప్రాయములను మార్చుకొన నక్కరలేదని తేల్చుకొన్న పిమ్మటనే లింకను ఒప్పుకొనెను. పూట గడచుట కష్టముగా నున్నవాడు ఇట్టి ప్రశ్న వేయుట విశేషమే. గొలుసు పట్టి పొలములు కొలుచుచు, ఉత్తరములు అందించుచు అతడు కౌంటీ అంతయు తిరిగెను. ఇంతకు మించిన ఎన్నికల ప్రచార మేమి కావలెను?

1834లో మరల నిలిచెను. ఒకచోట గోధుమ కోయుచున్న ముప్పదిమంది, పొలములో తమతో సమముగా పనిచేయలేనివానికి ఓటు వేయమని పలికిరట. లింకను కొడవలి పుచ్చుకొని వారి కందరికి ముందు నడచెను. ఇంతలో మరొక చిక్కు వచ్చెను. విగ్ పక్షీయులలో జాన్ టాడ్ స్టూవర్టు ప్రముఖుడు. అతని నోడించుటకై డెమొక్రాట్లు తమ ఓట్లు కొన్నింటిని లింకనునకు వేయింతుమని రహస్యముగా చెప్పిరి. లింకను నేరుగా పోయి ఆ మాట స్టూవర్టుతోనే చెప్పెను. తన బలముపై నమ్మకముగల స్టూవర్టు అంగీకరింపుమని సలహా యిచ్చెను. ఇరువురును గెలిచిరి. లింకనునకు 1,376 ఓట్లు, రెండవస్థానము. న్యాయశాస్త్రము చదువుమని ప్రోత్సహించి పుస్తకము లెరువిచ్చినవాడు ఈ స్టూవర్టే.

సభకు పోవుటకు తగిన దుస్తులు లేవు. లింకను ఒక మిత్రునివద్ద 200 డాలర్లు అప్పు చేసి, అందులో 60 డాలర్లతో జీవితములో మొదటిసారి ఒక మంచి సూటు కుట్టించుకొని, అప్పటి రాజధానియగు వాండేలియాకు బండిలో బయలుదేరెను. సభ్యుని దినభత్యము 3 డాలర్లు. అది అతనికి అంతవరకు లభించిన రాబడులలో మేలైనది.

1836 ఎన్నికలో ఫోర్కర్ అను నతడు విగ్ పక్షమును వీడి డెమొక్రాట్లలో చేరి, ఏడాదికి 3,000 డాలర్ల ఉద్యోగము సంపాదించి, ఇంటిపై పిడుగు పడకుండ ఇనుపకమ్మి నెత్తించెను. ఊరిలో అది క్రొత్తవింత. అతడు సభలో లింకను పసితనమును ఎగతాళి చేయగా, పదవికొరకు పక్షము మార్చి, దైవాగ్రహమునుండి తప్పించుకొనుటకు కమ్మి పాతుకొను స్థితికన్న చావు మేలని లింకను బదులిచ్చెను. ఈసారి కౌంటీలో అందరికన్న ఎక్కువ ఓట్లు అతనివే.

1837లో సాంగమన్ సభ్యులు కృషిచేసి రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డునకు మార్పించిరి. ఆ సమావేశములోనే కాలువలకు, రైలుమార్గములకు కోటిడాలర్లకు పైబడిన పథకము ఆమోదము పొందెను. లింకను దానిని గట్టిగా బలపరచెను. ఆ యేడే దేశమంతట ఆర్థికసంక్షోభము రాగా పనులు నిలిచి, రాష్ట్రము అప్పులలో కూరుకొనెను. ఈ విషయమున అతని దూరదృష్టిని మెచ్చుకొనుటకు వీలులేదు.

మెచ్చదగినది వేరొకటి కలదు. దక్షిణరాష్ట్రముల కోరికపై, బానిసవిమోచన సంఘములను నిందించుచు, బానిసత్వము ఆ రాష్ట్రముల హక్కని చెప్పు తీర్మానమును సభ 77 ఓట్లతో ఆమోదించెను, ఎదిరించినవారు ఆరుగురు. వారిలో లింకను ఒకడు. మార్చి 3న అతడును, డాన్ స్టోన్ అను సభ్యుడును కలసి తమ అసమ్మతిని సభాకార్యక్రమములలో నెక్కించిరి. బానిసత్వము అన్యాయముపై, చెడు రాజనీతిపై నిలిచినదని అందు స్పష్టముగా వ్రాసిరి. విమోచనవాదుల ప్రచారము కీడును పెంచునని కూడ వ్రాసిరి. రాష్ట్రములలోని బానిసత్వము జోలికి పోవు నధికారము కేంద్రశాసనసభకు లేదని ఒప్పుకొనిరి. నేటి కంటికి ఇది జంకుతోకూడిన పత్రముగా తోచవచ్చును. కాని స్టోన్ మరల పోటీచేయదలచినవాడు కాడు. లింకను ఆ ఓటర్లకే మరల చేయిచాచవలసినవాడు. సంతకము చేయుమన్న మరియొకడు ముందుకు రాలేదు.

1838లో విగ్ పక్షము అతనిని సభాధ్యక్షపదవికి నిలిపి ఓడెను. అతడు సభ్యుడుగానున్న నాలుగు సభలలోను ఆ పదవి డెమొక్రాట్లకే దక్కెను. 1840లో రాష్ట్రబ్యాంకును కాపాడుటకై కోరము చెడగొట్టదలచి, మరి ఇద్దరితో కిటికీనుండి దూకెను. అప్పటికే లెక్క పూర్తియైనందున దూకుడు వృథాయయ్యెను. ఆ ముచ్చట ఎవరైన ఎత్తిన అతనికి కిట్టెడిది కాదు. 1842లో అతడు మరల నిలువలేదు.

పండ్రెండేండ్లకు, 1854లో, బానిసత్వము క్రొత్తసీమలకు వ్యాపించుటకు త్రోవనిచ్చు నెబ్రాస్కాచట్టము వచ్చినప్పుడు, మిత్రులు అతని పేరు మరల శాసనసభకు ప్రకటించిరి. గెలిచెను. కాని రాష్ట్రశాసనసభ్యుడు సెనేటుకు ఎన్నిక కారాదని నియమ ముండుటచే రాజీనామా చేసెను. ఖాళీయైన స్థానము ఉపఎన్నికలో డెమొక్రాట్ల పాలయ్యెను. 1855 ఫిబ్రవరిలో శాసనసభ్యులు సెనేటరు నెన్నుకొనునప్పుడు మొదట లింకను అందరికన్న ముందుండెను. గెలుపునకు 51 ఓట్లు కావలెను, అవి చేకూరలేదు. నెబ్రాస్కాచట్టము నెదిరించు డెమొక్రాటగు లైమన్ ట్రంబుల్‌ను పట్టుకొని ఐదుగురు కదలకుండిరి. వారు విగ్ పక్షీయునికి వేయమనిరి. చట్టమును సమర్థించువాడు గెలుచునన్న భయము కలుగగా, తన ఓట్లన్నియు ట్రంబుల్‌కే వేయుడని లింకను తనవారితో చెప్పెను. పదియవ లెక్కలో ట్రంబుల్‌కు సరిగా 51 వచ్చెను.

లింకను విజయమునకై అతని భార్య మేరీ అక్కగారింట ముందుగా ఏర్పాటైయున్న విందులో లింకను చిరునవ్వుతో ట్రంబుల్ చేయి కలిపెను. మేరీ మాత్రము తన పెండ్లిలో తోడిపెండ్లికూతురుగా నిలిచిన ట్రంబుల్ భార్య జూలియాతో అప్పటినుండి స్నేహము మానుకొనెను.