కాకినాడ చేరిన చివరి పాఠం

1964 డిసెంబరులో భువనేశ్వర్ నుంచి కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఒక భౌతికకాయం వచ్చింది. వైద్య విద్యార్థులు చదువుకోవడానికి తన శరీరాన్ని ఆ కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాసిన ఆ పెద్దాయన జె.బి.ఎస్. హాల్డేన్. భూమి మీద జీవం ఎలా మొదలైందన్న ప్రశ్నకు శాస్త్రీయంగా దారి చూపిన తొలి వారిలో ఒకరు.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన శాస్త్రవేత్త. కొడుకును గనుల్లోకి కూడా వెంటబెట్టుకెళ్లేవారు. ఒకసారి మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికే కుర్రవాడు ఆయాసపడి కూలబడ్డాడు. నేల దగ్గర మంచి గాలి ఉండటంతో తేరుకున్నాడు. మీథేన్ గాలికంటే తేలికని, పైనే నిలుస్తుందని అలా తెలిసింది. తరవాత కాలేజీలో చదివింది మాత్రం లెక్కలు, గ్రీకు, లాటిన్. సైన్సులో ఆయనకు డిగ్రీ లేదు!

సూక్ష్మజీవి సూక్ష్మజీవి నుంచే పుడుతుందని పాశ్చర్ అప్పటికే నిరూపించారు. మరి మొట్టమొదటిది ఎక్కడి నుంచి వచ్చింది? 1929లో హాల్డేన్ ఒక చిన్న వ్యాసంలో దీనికి సమాధానం ఊహించారు. తొలినాటి గాలిలో ఆక్సిజన్ లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు అడ్డులేకుండా సముద్రాన్ని తాకేవి. నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియాల నుంచి సేంద్రియ పదార్థాలు తయారయ్యేవి. వాటిని తినే జీవి లేదు కనుక అవి పేరుకుపోయి, సముద్రం పలచని వేడి చారులా మారింది. తమను పోలినవాటిని తామే తయారుచేసుకునే అణువులు, వాటి నుంచి తొలి కణాలు అందులోనే పుట్టాయి.

1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి ఉన్న గాజు పాత్రలో విద్యుత్తు మెరుపులు పుట్టించగా కొన్ని రోజుల్లోనే అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. వాయువులు కొంత వేరైనా, ఇలాంటి ఊహను ప్రయోగంతో పరీక్షించవచ్చని తేలింది.

రష్యాలో ఒపారిన్ ఇదే ఆలోచనను 1924లోనే ప్రచురించారు. 1963లో అమెరికాలో ఇద్దరూ కలిసినప్పుడు, ముందు చెప్పింది ఒపారినే అని హాల్డేన్ సంకోచం లేకుండా ఒప్పుకున్నారు. అన్నిచోట్లా ఇంత నిక్కచ్చిగా లేరు. లైసెంకో సోవియట్ దేశంలో జన్యుశాస్త్రాన్ని అణచివేస్తున్నప్పుడు, కమ్యూనిస్టు పార్టీ అభిమానం ఆయన గొంతుకు అడ్డుపడింది. ఆ మచ్చ మిగిలిపోయింది.

మనిషి పరిణామంలో సూక్ష్మజీవుల పాత్రనూ ఆయన గుర్తించారు. కొన్ని వంశపారంపర్య రక్తదోషాలు మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఎక్కువగా ఉండటానికి కారణం, అవి స్వల్పంగా ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ దొరకడమేనని 1949 ప్రాంతంలో సూచించారు. తరవాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి.

1957లో ఆయన లండన్ ఆచార్య పదవి వదిలి కలకత్తా వచ్చారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. భువనేశ్వర్‌లో పరిశోధనశాల నడుపుతూ, క్యాన్సర్‌తో 1964 డిసెంబరు 1న కన్నుమూశారు.

చిన్నప్పుడు గనిలో తన ఒంటితోనే పాఠం నేర్చుకున్న మనిషి, చివరికి ఆ ఒంటినే మన కాకినాడ పిల్లలకు పాఠంగా ఇచ్చి వెళ్లారు.