ఉడుకునీళ్ల ఊరిలో ఎనిమిది రాత్రులు: బషో జీవితం

హైకూ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చే పేరు బషో. మన ఇస్మాయిల్ గారు తన హైకూల పుస్తకానికి ‘కప్పల నిశ్శబ్దం’ అని పేరు పెట్టారు. ఆ కప్ప ఏ చెరువులోంచి గెంతి వచ్చిందో తెలుగు శాఖలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయితే బషో అంటే కర్ర పట్టుకుని ఒంటరిగా కొండల్లో తిరిగే సన్యాసి అనే బొమ్మ ఒకటి మన మనసులో పడిపోయింది. అది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే 1689లో ఆయన యమనక అనే కొండ ఊరిలో గడిపిన ఎనిమిది రాత్రుల గురించి తెలుసుకోవాలి. అక్కడిదాకా ఎలా వచ్చాడో ముందు చూద్దాం.

అరటిచెట్టు పేరు

మత్సువొ బషో 1644లో జపాన్‌లోని ఇగా ప్రాంతంలో, ఉఎనొ ఊరిలో పుట్టాడు. పేరుకు సమురాయ్ వంశమే కానీ బతుకు రైతు బతుకే. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఆ ఊరి ప్రభువుల ఇంట్లో కొలువుకు చేరాడు. అక్కడి చిన్నదొర యొషితదకు కవిత్వమంటే పిచ్చి. వయసులో ఇద్దరికీ రెండేళ్లే తేడా. దొర, సేవకుడు అనే దూరం మరిచి ఇద్దరూ కలిసి కవిత్వం నేర్చుకున్నారు. 1666లో యొషితద చనిపోయాడు. కొలువులో ఉండడానికి ఇక కారణమేమీ మిగల్లేదు.

1672లో బషో ఎడో నగరానికి వెళ్లాడు. ఇప్పటి టోక్యో అదే. అక్కడ కవిత్వం చెప్పుకుంటూ, పొట్ట గడవడానికి నాలుగేళ్లపాటు నగరానికి నీళ్లు తెచ్చే కాలువ పనులు కూడా చూశాడు. అప్పట్లో ఆయన కలం పేరు తోసెయ్. పచ్చి పీచు పండు అని అర్థం. చైనా మహాకవి లి బాయ్ పేరులో తెల్లని ప్లమ్ ఉంది కాబట్టి, దానికి పోటీగా తాను ఇంకా పండని పీచునని చెప్పుకున్నాడన్నమాట. ఈ పీచు సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

1680లో నగరం నడిబొడ్డు వదిలేసి, నది అవతల ఫుకగవలో ఒక గుడిసెకు మారిపోయాడు. మరుసటి ఏడు ఒక శిష్యుడు ఆ గుడిసె ముందు అరటిమొక్క నాటాడు. జపాన్ చలికి ఆ జాతి అరటి తినే పండు ఇవ్వదు. ఆకులు మాత్రం పెద్దవి, గాలికి చిరిగిపోయేవి. మనకు అరటి అంటే పెళ్లిపందిరి, విస్తరి, గెల. ఆయనకు మాత్రం దేనికీ పనికిరాకుండా గాలికి చిరిగిపోవడమే అందులో నచ్చింది. జపాన్ భాషలో ఆ చెట్టు పేరు బషో. అదే ఆయన పేరైంది.

1682 చివర్లో ఎడోలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆ గుడిసె కాలిపోయింది. 1683లో తల్లి చనిపోయింది. 1684లో ఊరికి వెళ్లినప్పుడు, అన్న దాచి ఉంచిన తల్లి వెంట్రుకలు చేతిలో పెట్టాడు. ఆ ఏడాది నుంచే ఆయన పెద్ద ప్రయాణాలు మొదలయ్యాయి.

ఉత్తర దిక్కుకు

1689 వసంతంలో గుడిసె కూడా అమ్మేసి, ఎవరూ అంతగా వెళ్లని ఉత్తర ప్రాంతాలకు నడక మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు. పొట్ట జబ్బు ఒకటి పాతది ఉంది. వెంట వెళ్లినవాడు కవయ్ సోరా. ఫుకగవలో పక్కనే ఉంటూ, బషోకు వంటచెరకు, నీళ్లు అందించిన శిష్యుడు. బయలుదేరే ముందు సోరా గుండు కొట్టించుకుని బైరాగి బట్టలు వేసుకున్నాడు. దాదాపు 2,400 కిలోమీటర్లు, అయిదు నెలలు. దారిలోని ఊళ్లు, దూరాలు, వాన పడిన రోజులు అన్నీ సోరా తన దినచర్యలో రాసిపెట్టాడు. అది 1943లో అచ్చయ్యేదాకా బషో ప్రయాణం గురించి లోకానికి తెలిసింది బషో చెప్పినంతే.

జపాన్ అగ్నిపర్వతాల దేశం. కొండల మీద పడిన వాన లోపలికి ఇంకి, కింద వేడెక్కి, ఉడుకునీళ్లుగా మళ్లీ పైకి ఉబుకుతుంది. అలాంటి ఊటల దగ్గర వారాల తరబడి ఉండి, రోజూ ఆ నీళ్లలో కూర్చుని జబ్బులు తగ్గించుకోవడం అక్కడి పాత వైద్యం. మా వెంకటమ్మనహళ్లి వైపు వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని ఉంది కానీ వానలు పడితేనే పారుతుంది. బోరు వేస్తే నీళ్లలో ఫ్లోరైడ్. భూమిలోంచి మందులాంటి నీళ్లు వాటంతట అవే పైకి రావడమంటే మాకు కథే.

కానీ బషోకు ఉడుకునీటి ఊళ్లన్నీ సుఖం ఇవ్వలేదు. నసులో ఊటల పక్కన ఉన్న ‘ప్రాణాలు తీసే రాయి’ చూశాడు. నేలలోంచి వచ్చే విషవాయువుకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు దాని చుట్టూ కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. ఈజుకాలో స్నానం చేసి ఒక పేద ఇంట్లో పడుకుంటే దీపం లేదు, కప్పు కారింది, దోమలు, గోమార్లు నిద్రపోనివ్వలేదు. పైగా పాత జబ్బు తిరగబెట్టి ప్రాణం పోయినంత పనైంది. యుదోనో కొండలో ఉడుకునీళ్లు ఊరే రాయే దేవుడు. అక్కడ చూసింది బయట చెప్పకూడదని నియమం. అంత పెద్ద కవి ఆ నియమానికి లోబడి కలం పక్కన పెట్టేశాడు.

దారిలో మనల్ని ఇబ్బంది పెట్టే ఘట్టం కూడా ఒకటి ఉంది. ఇచిబురి అనే చోట ఇద్దరు వేశ్యలు ఇసె క్షేత్రానికి వెళ్తూ, దారి తెలియక భయమేస్తోంది, మీ వెనకే కొంతదూరం వస్తామని బతిమాలుకున్నారని బషో రాశాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత చాలాసేపు మనసు కలతపడిందనీ ఆయనే రాశాడు. సోరా దినచర్యలో మాత్రం ఆ ఇద్దరి ఊసే లేదు. అది జరిగిందో, కల్పించాడో గానీ, తోడు కావాలన్నవాళ్లను కాదన్న మాటను దాచకుండా తన పుస్తకంలో ఉంచాడు.

యమనక

కనజవ నగరంలో ఇష్షో అనే కవిని కలవాలని ఎంతో ఆశపడ్డాడు. తీరా వెళ్తే, ఆయన కిందటి చలికాలంలోనే చనిపోయాడని చెప్పారు. ఆ దుఃఖంతో, చెడిన ఒంటితో, హకుసాన్ కొండను వెనక వదిలి యమనక చేరాడు. చాంద్రమానం ప్రకారం ఏడో నెల ఇరవై ఏడో రోజు, మన లెక్కకు సెప్టెంబరు నెల. అతనితో సోరా, కనజవ నుంచి వెంట వచ్చిన హొకుషి ఉన్నారు.

యమనక అంటే కొండల నడుమ అని అర్థం. ఇరుకైన లోయ, కింద దైషోజి ఏరు, ఊరి మధ్య ఉమ్మడి స్నానశాల. సత్రాల్లో దిగినవాళ్లు అందరూ అక్కడికే వెళ్లాలి. మహిమలో ఈ నీళ్లు పేరుమోసిన అరిమా ఊటల తర్వాతివని బషో రాశాడు. చామంతి మీది మంచు తాగితే ముసలితనం రాదని ఒక పాత కథ. ఆ కథను తలచుకుని ఈ నీళ్లను పొగుడుతూ కవిత కూడా చెప్పాడు. ఇప్పుడు ఆ ఊరి స్నానశాల పేరు కికునోయు, అంటే చామంతి నీళ్లు.

వాళ్లు దిగింది ఇజుమియ అనే సత్రంలో. యజమాని పేరు కుమెనొసుకె, వయసు పద్నాలుగేళ్లు. ఆ పిల్లవాడి తండ్రికి కవిత్వం బాగా తెలుసు. బషో రాసిన ప్రకారం, చాలా ఏళ్ల కిందట క్యోటో నుంచి తెయ్‌షిత్సు అనే యువకుడు ఈ ఊరికి వచ్చి, ఆయన ముందు కవిత్వం తెలియక తలవంచుకోవాల్సి వచ్చింది. రాజధాని మనిషి కొండ ఊరివాడి చేతిలో సిగ్గుపడ్డాడు. అతను తిరిగి వెళ్లి, తెయ్‌తొకు అనే గురువు దగ్గర చదువుకుని, తానే పెద్ద గురువైపోయాడు. పేరు వచ్చాక కూడా, ఈ ఊరివాళ్లు తమ కవితలు దిద్దమని పంపిస్తే వాళ్ల దగ్గర మాత్రం డబ్బు తీసుకోలేదట.

బషో ఈ కథను ఊరికే రాయలేదు. మారుమూల అనుకున్న ఊళ్లోనే విద్య ఉంటుందని, అక్కడ కలిగిన సిగ్గు కూడా చదువేనని ఆయనకు తెలుసు. ఉఎనొ నుంచి వచ్చిన కొలువు కుర్రాడు కదా. ఇన్ని కొండలు దాటి ఆయన నడిచింది కేవలం ప్రకృతిని చూడడానికి కాదు. దాదాపు ప్రతి మజిలీలోనూ ఒక వైద్యుడో, వ్యాపారో, సత్రంవాడో కవిత్వం వినడానికి, చెప్పడానికి ఎదురుచూస్తూ ఉన్నాడు. అప్పటి కవిత్వం ఒక్కరు రాసుకునేది కాదు, నలుగురు కూర్చుని ఒకరి తర్వాత ఒకరు అల్లే గొలుసు. మనం ఇప్పుడు హైకూ అంటున్నది ఆ గొలుసులో మొదటి ముక్క మాత్రమే. దానికి హైకూ అన్న పేరు స్థిరపడింది కూడా బషో పోయిన రెండు వందల ఏళ్లకు.

కుమెనొసుకెను బషో శిష్యుడిగా తీసుకున్నాడు. తన పాత పేరు తోసెయ్‌లోని పీచు అక్షరాన్ని ఇచ్చి, తోయో అని కవి పేరు పెట్టాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి తన పేరులో ముక్క తీసి ఇచ్చాడు. ఎనిమిది రాత్రుల అతిథి ఆ ఇంటికి ఇంతకంటే ఏం ఇవ్వగలడు?

సోరా వెళ్లిపోయాడు

ఆ ఊరిలోనే సోరాకు కడుపునొప్పి ఎక్కువైంది. ఇసె ప్రాంతంలోని నగషిమలో చుట్టాలున్నారని, అక్కడికి ముందుగా వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. వీడ్కోలుగా బషో, సోరా, హొకుషి ముగ్గురూ ఒక కవితా గొలుసు మొదలుపెట్టారు. సోరా మధ్యలోనే లేచి వెళ్లాల్సి వచ్చింది. మిగతాది ఇద్దరే పూర్తి చేశారు. ఏ మాటను గురువు ఎందుకు మార్చాడో హొకుషి రాసుకున్నాడు కాబట్టి బషో ఎలా దిద్దేవాడో ఈరోజుకూ మనం చూడవచ్చు.

నాలుగు నెలలు పక్కపక్కనే నడిచిన మనిషి వెళ్లిపోయాడు. దైషోజి ఊరి బయట ఒక గుడిలో బషో పడుకున్నాడు. ముందురాత్రి అదే గుడిలో సోరా పడుకుని వెళ్లాడని తెలిసింది. ఒక్క రాత్రి తేడా. పుస్తకమంతటిలో బషో ఒంటరితనం నిజంగా తెలిసేది ఇక్కడే. ఒగకిలో నడక ముగిసినప్పుడు శిష్యులంతా వచ్చారు. కోలుకున్న సోరా కూడా ఇసె నుంచి వచ్చాడు.

అయిదేళ్ల తర్వాత, 1694లో, ఇంకో ప్రయాణంలో ఒసాకాలో బషో మంచం పట్టాడు. మళ్లీ ఆ పొట్ట జబ్బే. శిష్యుల మధ్య చనిపోయాడు. యాభై ఏళ్లు. బివా సరస్సు పక్కన గిచూజి గుడిలో సమాధి చేశారు. ఆయన ఒంటి మీద కప్పిన తెల్లబట్టలు కుట్టింది శిష్యురాలు చిగెత్సు, ఇంకో శిష్యుడు ఒతొకుని భార్య. చిగెత్సు కూడా కవయిత్రి. ఉత్తర ప్రయాణం పుస్తకం 1702లో అచ్చయింది. దాన్ని బషో చూసుకోలేదు.

మన సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మనది తెలుగేనా అని బయటివాళ్లు నవ్వితే నోరు మూసుకుంటాం. యమనక కథ దానికి జవాబు. మొహర్రం పాటలు, సుగ్గి పాటలు, పొడుపుకథలు నోటికి వచ్చిన అవ్వలు మన వీధిలోనే ఉన్నారు. ఈ సెలవులకు వెళ్లినప్పుడు ఒక్కొక్కరం ఒక్క అవ్వ దగ్గర కూర్చుని, ఆమె చెప్పింది ఆమె పేరుతో సహా రాసుకొద్దాం. వచ్చే సంచికకు ఈ గోడ మీద చోటు ఉంది.