లోకమాన్యునికి తీర్పు చెప్పిన తొమ్మండుగురు

ఉగాదినాడు మన పేటలలో ఇంటింట వేపపువ్వు పచ్చడి చేసికొందుము. అదే దినమున పొరుగింటి మహారాష్ట్రులు గుడి నిలుపుదురు. మగ్గమును నమ్ముకొని వచ్చి సోలాపురమున స్థిరపడిన మనకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. కావున ఈ సంచికలో మహారాష్ట్ర మహాపురుషుడగు లోకమాన్య బాలగంగాధర తిలకుగారిని, ముఖ్యముగా ఆయన జూరీ యెదుట నిలిచిన ఘట్టమును స్మరించుకొందము.

తిలకుగారు 1856 జూలై 23న రత్నగిరిలో జన్మించిరి. పూనాలో చదివి న్యాయశాస్త్ర పట్టము పొందిరి. 1881లో మిత్రులతో కలిసి మరాఠీలో కేసరి, ఇంగ్లీషులో మరాఠా పత్రికలను నెలకొల్పిరి. నేడు మనము మండపములు వేసి గణపతిని నిలుపుచున్నాము. ఆ పండుగను బహిరంగోత్సవముగా వ్యాపింపజేసినవారిలో ముఖ్యులు ఆయనే.

జూరీ యనగా ఊరివారినుండి ఏరిన పెద్దమనుష్యుల కూటమి. చట్టమెట్టిదో జడ్జి వివరించును. నేరము జరిగినదా లేదా యన్నది జూరీ తేల్చవలెను. కోర్టులో విన్న సాక్ష్యమునే లెక్కకు తీసికొనవలెను. న్యాయమైన సందేహమున్నచో ముద్దాయిని విడువవలెను. గుడి అరుగుమీద మన పెద్దలు తగవు తీర్చుటకు ఇది దగ్గరి చుట్టమే.

1897లో రాజద్రోహ నేరముపై తిలకుగారిని విచారించినపుడు జూరీలోని ఆరుగురు యూరోపియనులు దోషి యనిరి. ముగ్గురు భారతీయులు కాదనిరి. 18 నెలల శిక్ష పడినది.

1908లో ముజఫర్‌పూరు బాంబు ఉదంతము తరువాత కేసరిలో వచ్చిన వ్యాసములకై జూన్ 24న మరల నిర్బంధించిరి. బొంబాయి హైకోర్టులో ఈసారి జూరీయందు ఏడుగురు యూరోపియనులు, ఇద్దరు పారసీలు. వ్యాసములు మరాఠీవి, జూరీవారి చేతికి వచ్చినవి ఆంగ్లానువాదములు. బట్ట నాణ్యము చెప్పువాడు పోగును చేతబట్టి చూడవలెను గదా! అనువాదములో మాటల అర్థము మారినదని తిలకుగారు స్వయముగా 21 గంటలకు పైగా వాదించిరి. జూలై 22 రాత్రి ఏడుగురు దోషి యనిరి, ఇద్దరు కాదనిరి. జడ్జి దావరుగారు 1897లో తిలకుగారి బెయిలుకై వాదించిన న్యాయవాదియే. ఆయన ఆరేండ్ల ప్రవాసశిక్ష విధించిరి. తెల్లవారిన తిలకుగారి జన్మదినము. బొంబాయి మిల్లు కార్మికులు ఏడాదికొక దినము చొప్పున ఆరు దినములు పని మానిరి.

మాండలే చెరలో తిలకుగారు గీతారహస్యము రచించిరి. 1914లో విడుదలై, 1920 ఆగస్టు 1న బొంబాయిలో స్వర్గస్థులైరి.

ఆ జూరీ పద్ధతియు పోయినది. 1959 నాటి బొంబాయి నానావతి కేసులో ఎనమండుగురు నిర్దోషి యన్న తీర్పును హైకోర్టు కొట్టివేసినది. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో జూరీకి చోటు లేదు.

పద్ధతి పోయినను ధర్మము పోలేదు. ఇరుగుపొరుగు తగవులలో, సంఘ సభలలో మనమందరము జూరీవారమే. ఎదుటివాని మాటను వాని భాషలోనే విని, అర్థము కానిచో అడిగి తెలిసికొని, పిమ్మట నోరు విప్పుదము. రెండు భాషల నడుమ బ్రతుకు మనకు ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. ఈ నూతన సంవత్సరము మన పేటలకు చేతినిండ పనిని, ఇంటింట సుఖశాంతులను ప్రసాదించుగాక!