జెండాలు మారినా రైతును వీడని రంగా

పొన్నూరు: కృష్ణా పశ్చిమ డెల్టాలోని నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, తొంభై ఏళ్ల వయసులోనూ లోక్‌సభలో గుంటూరుకు ప్రాతినిధ్యం వహించిన నేత ఆచార్య ఎన్‌.జి.రంగా. నవంబరు 7 ఆయన జయంతి. పలుమార్లు పార్టీ మారిన నాయకుడిగా విమర్శకులు ఆయనను గుర్తుచేసుకుంటారు. కానీ ఆయన జీవితాన్ని మొదటి నుంచి పరిశీలిస్తే మారింది జెండాలేనని, పట్టుకున్న విషయం మాత్రం ఒక్కటేనని తెలుస్తుంది. దున్నేవాడికి తన చేనుపై హక్కు ఉండాలి, పండించినవాడికి చట్టసభలో గొంతు ఉండాలి అన్నదే ఆ విషయం.

పొలం నుంచి ఆక్స్‌ఫర్డుకు..

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న జన్మించారు. స్వగ్రామంలో చదువుకుని, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఉన్నత విద్యనభ్యసించారు. ఇంగ్లండు వెళ్లి 1926లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో బి.లిట్‌. పట్టా పొందారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు. ఆ కొలువు విడిచినా ఆచార్య అన్న మాట ఆయన పేరులో శాశ్వతంగా నిలిచిపోయింది. 1930లో గాంధీజీ పిలుపునందుకుని స్వాతంత్య్రోద్యమంలోకి వచ్చారు. భార్య భారతీదేవి కూడా స్వాతంత్య్ర సమరయోధురాలే.

రూపాయికి మూడణాల భారం

అది ఆర్థికమాంద్యం ప్రపంచాన్ని కుదిపేస్తున్న కాలం. ధాన్యం ధర పడిపోయింది. శిస్తు మాత్రం నగదుగానే కట్టాలి. పైగా కృష్ణా, గోదావరి డెల్టాల్లో భూమిశిస్తును 18.75 శాతం పెంచాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. అంటే పాత శిస్తులో ప్రతి రూపాయికీ అదనంగా మూడణాలు. అప్పు చేసి శిస్తు కట్టడం, అప్పు తీరక పొలం పోగొట్టుకోవడం రైతుకు తప్పలేదు. ఈ పరిస్థితిపైనే రంగా రైతులను కూడగట్టారు. శిస్తు లెక్కలు, వడ్డీ లెక్కలు రైతుకే అర్థమైతే తప్ప పోరాటం నిలవదని భావించి 1933లో నిడుబ్రోలులో రైతు విద్యాలయాన్ని నెలకొల్పారు. గ్రామాల నుంచి వచ్చిన యువకులు అక్కడ ఆర్థిక, రాజకీయ విషయాల్లో శిక్షణ పొంది రైతు సంఘాల కార్యకర్తలుగా ఊళ్లకు తిరిగి వెళ్లారు.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్‌ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు కాగా, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో జరిగిన రెండో మహాసభకు ఆయనే అధ్యక్షత వహించారు. బీహారు రైతును, ఆంధ్ర రైతును ఒకే వేదికపైకి తెచ్చిన ఘట్టమది.

ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు..

ఆంధ్రలో ఆ ఉద్యమం ఎంత లోతుగా వేళ్లూనుకున్నదో 1938 నాటి రైతుయాత్ర తెలియజేస్తుంది. ఉత్తరాన ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతులు 130 రోజుల్లో తొమ్మిది జిల్లాల మీదుగా 1,500 మైళ్లకు పైగా నడిచారు. దారి పొడవునా వందల సభలు జరిపి, 1,100కు పైగా వినతిపత్రాలు సేకరించి మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్నది రాజాజీ ప్రభుత్వం. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

ఈలోగా కిసాన్‌ సభ కమ్యూనిస్టుల ఆధిపత్యంలోకి వెళ్లడంతో రంగా దారి వేరైంది. ఆయన ఉద్యమంలో సొంత పొలమున్న రైతుకు దక్కిన ప్రాధాన్యం కూలీకి దక్కలేదని వామపక్షాలు విమర్శించాయి. ఆ విమర్శ ఆయనను చివరిదాకా వెన్నాడింది. స్వాతంత్య్రానంతరం 1951లో కాంగ్రెస్‌ను వీడి కృషికార్‌ లోక్‌ పార్టీని స్థాపించారు. 1955లో మళ్లీ కాంగ్రెస్‌కు చేరువై, 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

నాగపూర్‌ తీర్మానంపై తిరుగుబాటు

1959 జనవరిలో నాగపూర్‌ కాంగ్రెస్‌ మహాసభ ఉమ్మడి సహకార సేద్యానికి అనుకూలంగా తీర్మానించింది. రైతులు తమ పొలాలను కలిపి సమష్టిగా సాగుచేయాలన్నది దాని సారాంశం. జమీందారు నుంచి విడిపించుకున్న భూమి పేరుకు రైతుది, పెత్తనం అధికారులది అవుతుందని రంగా వాదించారు. కాంగ్రెస్‌ను మళ్లీ వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి తొలి అధ్యక్షులయ్యారు. ఇరవయ్యొక్క ఏళ్ల క్రితం ఏ ప్రభుత్వానికి రైతులు మొరపెట్టుకున్నారో, ఆ ప్రభుత్వాధినేతే ఇప్పుడు ఆయనకు సహచరుడు! 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచింది. రంగా శ్రీకాకుళం నుంచి ఎన్నికయ్యారు. ఉమ్మడి సేద్యం దేశంలో వేళ్లూనుకోలేదు. స్వతంత్ర పార్టీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1970వ దశకంలో ఆయన తిరిగి కాంగ్రెస్‌లో చేరారు.

ఎనిమిది పదులు దాటినా..

సాధారణంగా నాయకులు విశ్రాంతి కోరుకునే వయసులో రంగా సొంత జిల్లాకు ఎంపీ అయ్యారు. 1980, 1984, 1989లో వరుసగా మూడుసార్లు గుంటూరు ఓటర్లు ఆయననే గెలిపించారు. 1984లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 30 తెలుగుదేశం పరమైనా గుంటూరులో 84 ఏళ్ల రంగాదే విజయం. చట్టసభల్లో సుదీర్ఘకాలం సేవలందించినందుకు ఆయన పేరు గిన్నిస్‌ పుస్తకంలోకి ఎక్కింది. 1991లో కేంద్రప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1995 జూన్‌లో 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత ఆ వర్సిటీ కేంద్రం గుంటూరు సమీపంలోని లాంకు చేరడంతో, ఆయన పేరు సొంత జిల్లాకు తిరిగి వచ్చినట్లయింది.

మిగిలిన ప్రశ్న

రంగా పోరాడిన కాలంలో రైతు అంటే పొలమున్నవాడు, పొలం దున్నేవాడు ఒక్కరే అన్న భావన బలంగా ఉండేది. నేడు డెల్టాలో పట్టా ఒకరి పేర, సాగు మరొకరి చేత జరుగుతున్న ఊళ్లు అనేకం. కౌలురైతుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. అయితే కౌలు ఒప్పందంపై భూయజమాని సంతకం ఉండాలని 2019 చట్టం నిర్దేశించింది. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న యజమాని భయం, అది లేకుంటే పంటరుణం అందదన్న కౌలుదారు ఆవేదన రెండూ నిజమే. రైతు హక్కును ఆరు దశాబ్దాలు చర్చకు తెచ్చిన నేతకు విగ్రహాలు, పేర్లు దక్కాయి. ఆయన సొంతగడ్డపై సెంటు భూమి లేకుండా సాగుచేస్తున్న రైతుకు కూడా హక్కు దక్కినప్పుడే ఆయన తలపెట్టిన పని పూర్తయినట్లు.